పలక మీద లేని మాట

జూలై 2

మందుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా గుండెను జాగ్రత్తగా చూసుకోమని అచ్చు వేశారు. మా ఇంట్లో గుండెలు బాగానే ఉన్నాయి. పేచీ అంతా మెడ దగ్గర.

ఫిబ్రవరిలో మా ఆయనకు పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. చెయ్యి కొంచెం తిరిగి వచ్చింది. మాట రాలేదు. ఇవాళ సర్జన్ కొత్త స్కాన్ చూపించాడు. మెడలో రెండో వైపు రక్తనాళం కూడా సన్నబడిందట. కోసి, పూడిక తీసి, కుట్టేయవచ్చు. చేస్తే ఆపరేషన్ బల్ల మీదే ఇంకో స్ట్రోక్ రావడానికి కొంత అవకాశం ఉంది. చెయ్యకపోతే ఎప్పుడో ఒకప్పుడు రావడానికి అంతకంటే ఎక్కువ అవకాశం ఉంది. ఇంత సంగతినీ అతను పెన్ను మూత తీస్తూ పెడుతూ చెప్పాడు.

"చేసేయండి," అన్నాను.

"మీరు కాదమ్మా చెప్పాల్సింది. ఆయన."

"ఆయన మాట్లాడలేరు."

"మాట్లాడలేరు సరే. మనం చెప్పేది అర్థమవుతోంది కదా. నొక్కితే పలికే పలక ఏదో ఉందన్నారుగా, దాంతో అడగండి. పదిహేనో తేదీన కలుద్దాం."

వయసు చూస్తే నేను పనిచేసిన ఆస్పత్రి లాబ్‌లో సీసాలు కడగడానికి కూడా చాలడు. అయినా నాకు పాఠం చెప్పాడు.

కారులో అబ్బాయి నవ్వించబోయాడు. "నాన్నని అడగడమేంటమ్మా, 'చూద్దాం' అంటారు. ఇంతకు ముందు మాత్రం ఇంకేమన్నారు?"

నిజమే. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నోట వద్దు అనే మాట నేను వినలేదు. చూద్దాం అనేవారు. చూద్దాం అంటే నేను అనుకున్నట్టే జరుగుతుందని అర్థం. ఇంతకాలం మా సంసారం ఆ ఒక్క మాట మీద చక్కగా నడిచింది.

జూలై 3

అడిగాను. పలక మీద 'సరే' నొక్కారు. అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. ఇంక దీని గురించి రాయాల్సిందేమీ లేదు.

జూలై 5

మిరపకాయ వచ్చింది. మా అబ్బాయి కూతురు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పుట్టిన రోజు నుంచీ అరిచిన అరుపుకి నేను పెట్టిన పేరే నిలిచింది. ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కంటైనర్ల పని చేస్తుంది. ఈ పలక చేసిందీ అదే.

పలకంటే ఒక టాబ్లెట్. దాని మీద బొమ్మల చదరాలు. నీళ్ళు, నొప్పి, నిద్ర, కిటికీ, టీవీ, ఇలా. ఆయన ఎడమ చేత్తో నొక్కితే ఆ మాట ఆయన గొంతులోనే వినిపిస్తుంది. ఇంట్లో పాత వీడియోలన్నీ ముందేసుకుని, మిరపకాయ ఒక్కొక్క మాటా కత్తిరించి పెట్టింది. 'సరే' అన్నది నేను కొత్త కర్టెన్లు చూపించిన రోజుది. వెనకాల నా గొంతు కూడా కాస్త వినపడుతుంది.

ఈ మధ్య నొక్కిన చాలాసేపటికి గానీ మాట రావడం లేదు.

"ఎంతసేపు పడుతోంది నానమ్మా?"

"ఆయన నొక్కి, నేను వంటింట్లోంచి వచ్చి, ఏమిటండీ అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చున్నాక వస్తోంది."

"వెర్షన్ మార్చాలి. ఇంకా నేను టెస్ట్ చేస్తున్నా, వారం మధ్యలో రెడీ అవుతుంది. అప్పుడు నేను రాలేను. నీకు నేర్పేస్తాను, నువ్వే మార్చెయ్."

"నేర్పు. నీకు నేర్పడం వచ్చో రాదో తేలిపోతుంది."

పుస్తకాల అలమారలో సబ్బుపెట్టెంత కంప్యూటరు ఒకటి ఉంది. పలక వెనకాల పనంతా దాంట్లో జరుగుతుంది. మిరపకాయ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు ఇమేజ్. ప్రోగ్రామూ దానికి కావాల్సిన సామానూ మొత్తం ఒక్క మూట కట్టి సీలు వేసేస్తాం. ఆ మూటని ఎవరూ మార్చలేరు. దాన్నుంచి పుట్టి నడిచేది కంటైనర్. ఒకే ఇమేజ్‌లోంచి ఎన్ని కంటైనర్లైనా పుట్టించుకోవచ్చు. ఒకటి పాడైతే పారేసి, మళ్ళీ..."

"స్టాక్ కల్చర్," అన్నాను.

"ఏంటీ?"

ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రి లాబ్‌లో సూక్ష్మజీవులను పెంచాను. దాని తండ్రిని పెంచడం కంటే అదే సులువు. మూల జాతిని గడ్డకట్టించి దాచుతాం. పనికి కావలసినప్పుడు అందులోంచి చిటికెడు తీసి ప్లేటు మీద పెంచుతాం. ప్లేటు చెడితే పారేస్తాం, మళ్ళీ మూలం నుంచి మొదలుపెడతాం. ప్లేటు మీద పెరిగినదాన్ని తీసుకెళ్ళి మూలంలో కలిపిన మనిషికి నా లాబ్‌లో మర్నాడు ఉద్యోగం ఉండేది కాదు. ఇదంతా చెప్పాను.

"అచ్చంగా అంతే నానమ్మా! మా ఆఫీసులో కొత్తవాళ్ళకి ఇది ఎక్కడానికి ఎంత టైమ్ పడుతుందో తెలుసా?"

"పాపం, వాళ్ళకు బూజు పెంచిన అనుభవం ఉండదు కదా."

తక్కినవి కూడా చెప్పింది. రిజిస్ట్రీ అంటే ఇమేజ్‌లు దాచే గిడ్డంగి. మిరపకాయ తన చోటి నుంచి అక్కడ పెడితే, మా పెట్టె తెచ్చుకుంటుంది. నేను టైపు చేసే నల్ల తెర క్లయింట్. అది చేసేదేమీ లేదు, ఆర్డర్లు వెయ్యడమే. ఆ ఆర్డర్లు అందుకుని పనిచేసేది డీమన్. అది కంటికి కనపడదు, నిద్రపోదు. ఏ కంటైనర్ నడుస్తోందో, ఏది పడిపోయిందో కనిపెట్టుకుని ఉంటుంది. పడిపోయినదాన్ని లేపి నిలబెడుతుంది. అది బాగున్నన్నాళ్ళూ అదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు.

"అటువంటిది ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. జీతం ఉండదు," అన్నాను. మిరపకాయ పడీ పడీ నవ్వింది. ఇందులో నవ్వాల్సిందేముందో నాకు అర్థం కాలేదు.

"ఇది మాత్రం మర్చిపోకు. కంటైనర్ తీసేస్తే దాని లోపల రాసుకున్నదంతా దాంతో పాటే పోతుంది. పోకూడనివి బయట వాల్యూమ్ అని వేరే చోట పెడతాం. తాతయ్య గొంతు ముక్కలన్నీ వాల్యూమ్‌లోనే ఉన్నాయి, భయపడకు."

"నేనెందుకు భయపడతాను?"

అసలుదాన్ని కదపకుండా, పక్కన ఉత్తుత్తి కంటైనర్ ఒకటి పెట్టి నా చేత ఒకసారి సాధన చేయించింది. తెప్పించు, ఆపు, తీసెయ్, నడుపు. నాలుగు ఆర్డర్లు. అన్నీ సరిగ్గానే కొట్టాను, పలక మాత్రం తెల్లగా ఉండిపోయింది. చచ్చిపోయిందా అని అడిగాను.

"లేదు లేదు, లోపల అంతా శుభ్రంగా నడుస్తోంది. నువ్వు పోర్ట్ తెరవలేదంతే. కిటికీ లాంటిది అది. తెరవకపోతే లోపల ఎంత పని జరుగుతున్నా బయటివాళ్ళకి చచ్చినట్టే."

అనేసి నాలిక్కరుచుకుంది. ఇద్దరం ఆయన గదివైపు చూడకుండా కూర్చున్నాం. కాసేపటికి నేను లేచి ఆయన గది కిటికీ తెరిచి వచ్చాను. బయట గాలేమీ లేదు.

జూలై 7

పలకను దుప్పటి కిందికి తోసేస్తున్నారు. ఉక్కపోత చిరాకేమో.

జూలై 8

మళ్ళీ తోసేశారు. తీసి చేతిలో పెడితే 'సరే' నొక్కారు. దేనికండీ సరే అని అడిగాను. 'సరే' నొక్కారు.

ఆపరేషనుకు తీసుకెళ్ళే సంచీ సర్దాను. తువ్వాళ్ళు, కళ్ళజోడు, పాత చెప్పులు.

జూలై 9

మిరపకాయ ఫోన్ చేసి కొత్త ఇమేజ్ గిడ్డంగిలో పెట్టానంది. మధ్యాహ్నం కూర్చుని నాలుగు ఆర్డర్లూ వేశాను. పోర్ట్ కూడా తెరిచాను. గడియారంలో ముల్లు కదిలేలోపే పలక వెలిగింది. నొక్కగానే మాట.

కానీ పలక నాది కాదు. సూప్‌కు నేను పెట్టుకున్న గిన్నె బొమ్మ లేదు. నేను మార్చిన వరసలు లేవు. మార్చిలో మొదట ఎలా వచ్చిందో అలా ఉంది. పై వరసలో ఎర్ర చదరం. వద్దు.

దాని గురించి ఈ డైరీలో రాయలేదు. రాయాల్సినంత విషయం కాదు. మార్చిలో ఆయన ప్రతిదానికీ అదే నొక్కేవారు. మందు వద్దు, సూప్ వద్దు, వ్యాయామం వద్దు, కొన్నాళ్ళు నేనే వద్దు. మనిషి పుల్లలా అయిపోయారు. ఏప్రిల్‌లో నేను సెట్టింగుల పేజీలోకి వెళ్ళి దాన్ని తీసేశాను. తరువాత తిన్నారు. తూకం పెరిగింది. డాక్టర్లందరూ మెచ్చుకున్నారు. అంతే విషయం.

ఆయన ఎర్ర చదరాన్ని చాలాసేపు చూశారు. తరువాత నొక్కారు.

"వద్దు!" అని మిరపకాయ గొంతు.

ఆ ఒక్క మాటా ఏ వీడియోలోనూ ఆయన గొంతులో దొరకలేదు. అందుకని మిరపకాయ తనే పలికి పెట్టింది. ఆయన మళ్ళీ నొక్కారు. మళ్ళీ. పోయిన బొమ్మ దొరికిన పసివాడిలా ఉన్నారని రాయబోయాను. అలా లేరు. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న కళ్ళజోడు దొరికిన పెద్దమనిషిలా ఉన్నారు.

ఫోన్ చేశాను. "పలక మొదటిలా అయిపోయిందే."

"మొదటిలానా? అదెలా... అయ్యో! సెట్టింగుల ఫైలు! దాన్ని వాల్యూమ్‌లో పెట్టలేదు నేను. నువ్వు చేసిన మార్పులన్నీ పాత కంటైనర్ లోపలే ఉండిపోయాయి. తీసేశాం కదా, పోయాయి. నాదే తప్పు నానమ్మా. ఏమేం పోయాయో చెప్పు, ఇప్పుడే పెట్టేస్తా."

"గిన్నె బొమ్మ. వరసలు."

"ఇంకా?"

"అంతే."

జూలై 11

అబ్బాయి వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు. వాడు ఆస్పత్రి సంగతులు మాట్లాడేటప్పుడు బ్యాంకు మేనేజరులా మాట్లాడతాడు. ఉద్యోగం అదే కాబట్టి తప్పు పట్టలేను.

"నాన్నా, పదిహేనున వెళ్ళి ఆపరేషన్‌కి తేదీ తీసుకుందాం. మొన్న సరే అన్నారటగా."

"వద్దు!"

వాడు ఉలిక్కిపడ్డాడు. సొంత కూతురు వెనక నుంచి కేకేసినట్టు ఉంటుంది మరి.

"ఇదేంటమ్మా, ఇది ఎప్పుడు పెట్టారు? చెయ్యి తగిలినట్టుంది. నాన్నా, ఇదిగో, సరే ఇక్కడుంది." ఆయన వేలు పట్టుకుని 'సరే' మీద పెట్టాడు. కర్టెన్ల రోజు గొంతు పలికింది. ఆయన చెయ్యి లాక్కున్నారు. ఎర్రది నొక్కారు. కొడుకు ముఖంలోకి చూస్తూ నొక్కారు.

"మొన్న సరే అన్నారని నువ్వే చెప్పావు కదమ్మా?"

"అన్నారు."

"మరి ఇప్పుడేమైంది?"

సూప్ వేడి చెయ్యాలని లేచాను. వంటింట్లోకి వెళ్ళి చూస్తే పొగలు కక్కుతోంది.

జూలై 12

సెట్టింగుల పేజీ తెరిచాను. ఎర్ర చదరం పక్కన చిన్న చెత్తబుట్ట గుర్తు ఉంది. ఒక్క నొక్కు చాలు. ఆయన నిద్రపోతున్నారు.

ఇంకో స్ట్రోక్ వస్తే ఈ మాత్రం ఎడమ చెయ్యి కూడా ఉండదు. తిండి గొట్టంలోంచి. లేదా అదీ లేదు. అప్పుడు ఏ బటన్ ఉంటే ఎవరికి కావాలి?

నాకు మనిషి కావాలి.

పేజీ మూసేశాను. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను.

జూలై 13

లాబ్‌లో ఒక ఫలితాన్ని నమ్మాలంటే పక్కన కంట్రోల్ ఉండాలి. పెరిగి తీరాల్సింది పెరగాలి, పెరగకూడనిది పెరగకూడదు. అప్పుడే అసలు నమూనా చెప్పింది వింటాం. ఆయన ఊరికే ఎర్రరంగు చూసి నొక్కుతున్నారేమో కనుక్కోవాలి కదా. ఆయన తప్పులు చెయ్యాలని నేను కోరుకున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

పొద్దున్నే ఎదురుగా కుర్చీ వేసుకుని మొదలుపెట్టాను.

"నీళ్ళు తాగుతారా?" సరే.

"కిటికీ మూసేద్దామా?" వద్దు.

"మీ వంతెనల పుస్తకాలు పాత కాగితాలవాడికి ఇచ్చేద్దామా?" వద్దు. ఇది చాలా గట్టిగా నొక్కారు, పలక ఒళ్ళోంచి జారబోయింది.

"అబ్బాయి బట్టతల మీద జుట్టు మొలిపిద్దామా?" సరే. ఎడమవైపు పెదవి నవ్వింది.

"నేనొక పాట పాడనా?" నా మాట పూర్తి కాకముందే వద్దు.

కంట్రోల్స్ అన్నీ సరిగ్గా వచ్చాయి. నా గొంతు గురించి కూడా.

"ఆపరేషన్ చేయించుకుందామా?" వద్దు.

చదరాల చోట్లు మార్చాను. ఆయన్ని కాసేపు టీవీ చూడనిచ్చాను. తిప్పి అడిగాను. "ఆపరేషన్ మానేద్దామా?"

సరే.

"అది చేయించుకోకపోతే మళ్ళీ రావచ్చండీ. ఈసారి వస్తే..." అని ఆగిపోయాను. ఆయన ఆగలేదు. నా ముఖం చూస్తూ మళ్ళీ 'సరే' నొక్కారు.

ఎందుకు అని అడిగాను. అడిగేశాక తెలిసింది, దానికి పలక మీద బొమ్మ లేదని. అడగడానికి నాకు మాట ఉంది, చెప్పడానికి ఆయనకు చదరం లేదు. ఆయన వంతెనలు తనిఖీ చేసిన ఇంజినీరు. ఏ పగులును తవ్వి పూడ్చాలో, ఏ పగులును కదపకుండా వదిలెయ్యాలో ఆయనకొక లెక్క ఉండేది. భోజనాల దగ్గర ఆ లెక్క చెప్పేవారు. నేను వినేదాన్ని కాదు, వడ్డించేదాన్ని. ఇప్పుడూ లోపల ఆ లెక్కే నడుస్తోందో, భయమో, విసుగో. నాకు కనపడేవి రెండు చదరాలు.

జూలై 15

ఆస్పత్రి. సర్జన్ కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఎత్తుకి వంగి అడిగాడు, నెమ్మదిగా, రెండు వైపుల నుంచీ. నాకు పాఠం చెప్పిన రోజు కంటే ఇవాళ కాస్త పెద్దవాడిలా కనిపించాడు. రెండు వైపుల నుంచీ అదే జవాబు వచ్చింది.

అబ్బాయి ఊరుకోలేదు. "డాక్టర్‌గారూ, ఇది మా అమ్మాయి కుట్టిన బొమ్మల బొంత. దీన్ని పట్టుకుని ఇంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంటాం? మొన్న ఇదే పలక మీద సరే అన్నారు."

సర్జన్ నావైపు చూశాడు. "మొన్న సరే అన్నారా అమ్మా?"

"అన్నారు. అప్పుడు పలక మీద వద్దు లేదు."

"ఎందుకు లేదు?"

"నేను తీసేశాను."

 ఆయన పలకను ఒళ్ళో సరిచేసుకున్నారు, కాగితాలు సర్దుకునే మనిషిలా.

"అమ్మా, నువ్వు గట్టిగా చెప్పు. నువ్వు చెప్తే వింటారు," అన్నాడు అబ్బాయి.

"ఇన్నాళ్ళూ జరిగింది అదే కదరా."

"మీ ఉద్దేశం ఏంటమ్మా?" అన్నాడు సర్జన్.

"నా ఉద్దేశం ఇవాళే కోసెయ్యమని. కానీ మీరు అడిగింది నన్ను కాదు."

రాసుకున్నాడు. మందులు మార్చాడు. కొన్నాళ్ళకు మళ్ళీ స్కాన్ తీద్దామన్నాడు. మనసు మారితే ఎప్పుడైనా రమ్మని ఆయనతోనే చెప్పాడు, మాతో కాదు.

కారులో ఇంటికి బయలుదేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అబ్బాయి అద్దంలోంచి నన్ను చూశాడు. "రేపు ఏదైనా అయితే ఏం చేస్తావమ్మా?"

"నువ్వూ నేనూ కూర్చుని ఏడుద్దాం. ఆయన వేలు పట్టుకుని నొక్కించి, ఆ తరువాత ఏడవడం కంటే అది నయం."

వాడు ఆకుపచ్చ లైటు వచ్చినా కదల్లేదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు. నా పక్కన ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోలేదు, నాకు తెలుసు.

జూలై 16

ఏమీ కాలేదు. పొద్దున లేచారు.

జూలై 17

లేచారు.

జూలై 19

మిరపకాయ వచ్చింది. వాళ్ళ నాన్న అంతా చెప్పినట్టున్నాడు, నన్ను కావలించుకుని కొంచెం ఎక్కువసేపు వదల్లేదు. నాకు అటువంటివి నచ్చవు. వంటింట్లో పాలు కూడా ఉన్నాయి పొయ్యి మీద.

అలమార దగ్గర కూర్చుని తన తప్పు దిద్దుకుంది. "ఇదిగో, సెట్టింగులన్నీ వాల్యూమ్‌లోకి మార్చేశాను. ఇక ఎన్ని కంటైనర్లు పారేసినా నీ మార్పులు నీకుంటాయి."

"ఎర్రదాన్ని అందులో పెట్టకు."

"అంటే?"

"నా మార్పులుండే చోట అది ఉండకూడదు. ఇమేజ్‌లోనే కట్టేసి సీలు వెయ్యి. సెట్టింగుల పేజీలో దాని పక్కన చెత్తబుట్ట కనపడకూడదు. నేనెంత నొక్కినా పోకూడదు."

కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడు నువ్వు తియ్యవు కదా నానమ్మా."

"ఇప్పుడు తియ్యను. ఆయన మళ్ళీ చిక్కిపోతే తీస్తాను. ఆయన మందులు మింగకపోతే తీస్తాను. ఆయన్ని బతికించుకోవడానికి నేను చెయ్యని పని ఉండదే. అందుకే చెబుతున్నాను."

"మళ్ళీ ఫోన్ చేసి తీసెయ్యమని నన్ను అడుగుతావేమో?"

"తప్పకుండా అడుగుతాను. తిడతాను కూడా. తియ్యకు."

అది తల ఊపి కొత్త ఇమేజ్ కట్టడం మొదలుపెట్టింది. తెర మీద వరసలు వరసలుగా ఏదో పోతోంది, ఒక పొర మీద ఇంకో పొర. నాకు అందులో సగం అర్థమైంది. ఆఖరున గిడ్డంగికి పంపించింది. నాలుగు ఆర్డర్లు మాత్రం నా చేతే వేయించింది.

పేజీ తెరిచి చూశాను. అన్నిటి పక్కనా చెత్తబుట్ట ఉంది, దాని పక్కన లేదు. అయినా రెండుసార్లు నొక్కి చూశాను. మిరపకాయ చూసి, కళ్ళు తెర వైపు తిప్పుకుంది. కొన్నిట్లో దానికి నా పోలిక రాలేదు, సంతోషం.

జూలై 23

ఇవాళ సూప్ వద్దన్నారు. పారబోసి బ్రెడ్డు పెడితే తిన్నారు. టీవీ వద్దన్నారు. తండ్రితో రాజీపడడానికి అబ్బాయి తెచ్చిన కొత్త చొక్కా వద్దన్నారు. ఆ రంగు చూస్తే నేనూ అదే అనేదాన్ని. వాడు చొక్కా మడతపెట్టుకుంటూ, "ఇదీ మీ నిర్ణయమే అంటారు, అంతేగా?" అన్నాడు. తండ్రి కర్టెన్ల గొంతుతో సరే అన్నారు. వాడికి నవ్వు ఆగలేదు. చాలా రోజులైంది ఆ ఇద్దరి మధ్యా నవ్వు చూసి.

స్నానం వద్దన్నారు. స్నానం మాత్రం చేయించాను. దేనికైనా ఒక హద్దుంటుంది.

తరువాత కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల తుడిచాను. చెవులు తుడిచాను. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. చర్మం కింద ఆ నాళం కొట్టుకుంటోంది, కనపడుతూనే ఉంది. అక్కడ రుద్దలేదు, తువ్వాలుతో మెల్లిగా అద్దాను. మళ్ళీ అద్దాను. ఆయన పలక కోసం ఎడమ చెయ్యి చాపారు. తీసి ఒళ్ళో పెట్టి, ఏమంటారో విందామని తడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.